గుత్తి కింద చెయ్యి

మా మావయ్య పోయాడని అత్తయ్య ఫోన్ చేసినప్పుడు నేను ఉంగుటూరు బళ్ళో, స్టాఫ్ రూములో కూర్చుని తొమ్మిదో తరగతి పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. "మీ మావయ్య వెళ్ళిపోయాడ్రా," అంది. "దోసకాయ పప్పేసుకుని అన్నం తిన్నాడు. పెరుగు కమ్మగా ఉందన్నాడు. వసారాలో కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తెమ్మన్నాడు. తెచ్చేసరికి లేడు." ఉన్నవాణ్ణి ఉన్నట్టే లేచి బస్సెక్కాను. ఎర్ర పెన్ను ఇంకా చేతిలోనే ఉందని హనుమాన్ జంక్షన్‌లో దిగి నూజివీడు బస్సు కోసం నిలబడ్డాక గానీ చూసుకోలేదు.

సిగ్గు విడిచి ఒక మాట చెబుతాను. ఆ కబురు విన్నాక నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, "హమ్మయ్య" అన్న మాట. ఆయన పోయినందుకు కాదండీ, నా వల్ల మూగబోయిన మనిషి మూగగానే పోనందుకు. నాలుగు నెలల ముందు పోయి ఉంటే ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు మొహం ఉండేది కాదు. ఎందుకో చెప్పాలంటే ముందు మావయ్య చెయ్యి గురించి, తర్వాత ఒక పాత సినిమా గురించి చెప్పాలి.

మావయ్య మా అమ్మకి అన్న. నూజివీడు నుంచి మైలవరం పోయే దారిలో ఉన్న తోటల్లో మామిడి కోతల మేస్త్రి. పదిమంది ముఠా. గెడ చివర కట్టిన తాళ్ళ వలసంచితో, అదే చిక్కంతో, అందిన కాయలు కోసేవారు, అందని వాటికి చెట్టెక్కేవారు. కాయ కోస్తే వేలెడు తొడిమ ఉండాలనేవాడు మావయ్య. తొడిమ మొదలంటా విరిగితే సొన కారుతుంది, సొన పడిన చోట తోలు నల్లగా కాలుతుంది, ఆ కాయకి ఇక బుట్టలో చోటు లేదు. నేలన పడిన కాయ సంగతి చెప్పనే అక్కర్లేదు. అది పైకి బాగానే కనపడుతుంది, మూడో రోజుకి లోపల కుళ్ళి పక్కవాటిని కూడా పాడుచేస్తుంది. అందుకని ఆయన కొమ్మల మీద నడిచే తీరే వేరుగా ఉండేది. మొహానికి గుత్తి అడ్డమొస్తే మనమైతే పక్కకి తోస్తాం. ఆయన తోసేవాడు కాదు. అరచెయ్యి గుత్తి కింద పెట్టి, పసిపిల్ల గడ్డం పట్టుకున్నట్టు పైకెత్తి, తల వంచి దాని కిందనుంచి దాటి, మళ్ళీ మెల్లగా దించేవాడు. ఇదంతా కనురెప్పపాటులో జరిగిపోయేది. తను చేస్తున్నానని ఆయనకే తెలిసేది కాదు.

ఇంటర్ సెలవుల్లో నేనూ ఆ ముఠాలో కోతకి వెళ్ళాను. మొదటి రోజే ఒక గుత్తిని మోచేత్తో తోశాను. మూడు కాయలు టపటపా రాలాయి. కింద నుంచి మావయ్య కేక. "ఒరే అల్లుడూ, అవి నిన్నేమన్నాయిరా? కింద చెయ్యి పెట్టు, కింద!" ఆ ఎండాకాలమంతా ముఠాలో నన్ను పేరు పెట్టి పిలిచినవాడు లేడు. మోచెయ్యిగాడు, అంతే. తర్వాత బీయీడీ చేసి ఉద్యోగం వచ్చి, నలుగురు నన్ను మాస్టారూ అంటున్నా మావయ్యకి మాత్రం నేను మోచెయ్యిగాడినే. ఆయన ముసలివాడయ్యాక కూడా, పెరట్లో స్నానానికి వెళుతూ రసం మామిడి చెట్టు కిందుగా నడిస్తే చెయ్యి దానంతటదే పైకి లేచి గుత్తిని ఎత్తేది.

ఇక సినిమా. నాకు ఆరేళ్ళప్పుడు మద్రాసు నుంచి ఒక సినిమా కంపెనీ మా పక్క తోటల్లో దిగింది. ఆ సినిమా పేరు రాయను. రాస్తే మీరు ఫోన్లో వెతికి చూసి, ఆ హీరో అభిమానులైతే నా మీదికి వస్తారు. నాకంత ఓపిక లేదు. కథ మాత్రం చెబుతాను. చెయ్యని నేరానికి ఉద్యోగం పోగొట్టుకున్న ఒక ఇన్‌స్పెక్టరు. అతని నిర్దోషిత్వాన్ని నిరూపించే టేపు ఒకటి ఎవరో మామిడి బుట్టలో వరిగడ్డి కింద దాచారు. బుట్ట లారీ ఎక్కేసింది. లారీలో వందల బుట్టలు. లారీ రాష్ట్రం దాటేలోగా అతను ఆ ఒక్క బుట్టనీ పట్టుకోవాలి. విలన్ మనుషులు వెనకాలే తరుముతుంటారు. ఆ తరుముడులో హీరో మామిడి చెట్టెక్కి, కొమ్మ మీద పరిగెత్తి, కదులుతున్న లారీ మీదికి దూకుతాడు. సినిమాకి ప్రాణం ఆ దూకడమే.

దూకడానికి మద్రాసు నుంచి తెచ్చిన డూపు చెట్టెక్కి, ఎర్రచీమలు కుట్టగానే దిగివచ్చేసి, పక్కింటి నూతి దగ్గర నీళ్ళు గుమ్మరించుకుంటూ కూర్చున్నాడట. ఫైట్ మాస్టారు చుట్టూ చూసి, "ఈ కొమ్మ మీద పరిగెత్తేవాడు ఎవడైనా ఉన్నాడా?" అన్నాడట. మావయ్య గెడ పక్కన పెట్టి, "పరిగెత్తడం దేనికండీ, నడిచినా లారీ అందుతుందిగా?" అన్నాడట. అందరూ నవ్వారట. హీరోగారి గళ్ళచొక్కా లాంటిదే ఒకటి తొడిగి, జుట్టు అతికించి ఎక్కించారు. వెనకాల తరమడానికి చీమలకి భయపడని ఫైటర్ ఒకడు దొరికాడు. మావయ్య దూకాడు. ఇదంతా మేం ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. పెళ్ళిళ్ళలో, కోతల దగ్గర, బస్టాండులో, తెలిసినవాడికీ తెలియనివాడికీ చెప్పేవాడు. ఆ చొక్కా ఆయనకే ఇచ్చి వెళ్ళారు. అదే ఉంటే సాక్ష్యంగా పనికొచ్చేది. కానీ అత్తయ్య దాన్ని చింపి, బుట్టలు మోసేటప్పుడు నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు చేసేసింది. అత్తయ్యకి ఆ చొక్కా అంటే మంట. ఆయన దూకిన రోజున ఆవిడకి ఏడో నెల. ఎవరో పరిగెత్తుకొచ్చి "మేస్త్రి చెట్టు మీంచి దూకాడు" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయారు. ఆవిడ వట్టికాళ్ళతో తోటంతా పరిగెత్తి వెళ్ళి చూస్తే, ఈయన లారీ మీద కూర్చుని సోడా తాగుతున్నాడు. "ఆ దిక్కుమాలిన సినిమా మొహం జన్మలో చూడను," అంది. చూడలేదు కూడా.

ఆ సినిమాని నేను కనీసం ఇరవైసార్లు చూసి ఉంటాను. మొదట సినిమా హాల్లో గీతలు పడ్డ బొమ్మగా, తర్వాత అద్దె క్యాసెట్టులో. దాని మంచి చెడ్డలు మావయ్యతో వాదించినంతగా ఇంకెవరితోనూ వాదించలేదు. తోటలో తరిమే ఆ పది నిమిషాలూ సంగీతం లేకుండా వదిలేయడం గొప్ప సంగతి. ఆకుల చప్పుడు, రొప్పు, దూరంగా లారీ హారను, అంతే. విలన్ సినిమా మొత్తం మీద ఒక్కసారి కూడా గొంతు పెంచడు. తమలపాకుకి సున్నం రాసుకుంటూ చంపమని చెబుతాడు. అతను సున్నం డబ్బీ తీస్తే చాలు, హాల్లో జనం గప్‌చుప్. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసే హీరోయిన్ మొదటి సగంలో హీరో కంటే తెలివైనది. టేపు సంగతి కనిపెట్టేది ఆ పిల్లే.

ఇక చెడ్డలు. ఇంటర్వెల్ తర్వాత ఆ పిల్ల తెలివంతా ఏమైపోయిందో తెలియదు, చివరిదాకా ఎవడో ఒకడు తనని తాళ్ళతో కట్టేస్తూనే ఉంటాడు. హీరో దాక్కున్న ఇల్లు విలన్‌కి ఎలా తెలిసిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. చివర్లో ఎక్కడినుంచో ఒక మరపడవ వచ్చి పేలిపోతుంది. అంతవరకు సినిమాలో నీళ్ళే లేవు. ఇవన్నీ నా ఫిర్యాదులు. మావయ్యవి వేరు. "చిన్న రసం కాయని కత్తితో కోసి ముక్కలు హీరోయిన్ నోట్లో పెడతాడేంట్రా? రసాన్ని పిసికి జుర్రుకోవాలి గానీ కోస్తారా? వాడు ఇన్‌స్పెక్టరు ఎలా అయ్యాడు?" రసం కోసే ఆ పాటంటే ఆయనకి ఒళ్ళుమంట. ఇంకొకటి మా వాళ్ళు తప్ప ఎవరూ పట్టుకోలేనిది. హీరో చెట్టెక్కేటప్పుడు చెట్టు నిండా ముదురు కాయలు. లారీ మీద పడి పైకి చూసేటప్పుడు అదే చెట్టు నిండా పూత. హీరోగారికి తీరిక దొరక్క మిగిలిన ముక్క మళ్ళీ మాఘమాసంలో వచ్చి తీశారు. మా హాల్లో ఆ బొమ్మ రాగానే జనం గొల్లుమనేవారు. నేను ఇన్ని లోపాలున్న సినిమా ఏం సినిమా అంటే మావయ్య ఒప్పుకునేవాడు కాదు. "ఒక కాయకి మచ్చుందని బుట్టంతా పారబోస్తావేంట్రా? ఏరుకుని తిను," అనేవాడు.

పన్నెండేళ్ళ కిందట నేను విజయవాడ నుంచి వచ్చే ఒక చిన్న పత్రికలో పాత సినిమాల మీద రాసేవాణ్ణి. అచ్చులో పేరు చూసుకుని మురిసిపోయే రోజులు. ఈ సినిమా మంచి చెడ్డలు కూడా రాశాను. రాసే ముందు ఎక్కడో ఒక పాత సినిమా పత్రికలో ఎవరో ఫైట్ మాస్టారు, ఆ సినిమాలో సాహసాలన్నీ తన మనుషులే చేశారని చెప్పినట్టు చదివాను. అచ్చులో ఉంది కాబట్టి అదే నిజమనుకున్నాను. మావయ్య చెప్పేది నోటిమాటేగా, అత్తయ్య కూడా దూకడం కళ్ళారా చూడలేదు. వ్యాసం చివర ఇలా రాశాను: "కొమ్మ మీద ఆ పరుగు తనదేనని మా ఊళ్ళో ఒకాయన చెప్పుకుంటూ ఉంటాడు. వినడానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, అది ఆరితేరిన మద్రాసు ఫైటర్ పని అని చూసిన వెంటనే తెలిసిపోతుంది." ఎంత తెలివో చూడండి. చూసిన వెంటనే తెలిసిపోతుందట.

ఆ ముక్కని టీ కొట్టు దగ్గర ఎవరో పైకి చదివారు. మావయ్య అక్కడే బెంచీ మీద ఉన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు "ఏం మేస్త్రీ, మద్రాసోడు కులాసాయేనా?" అని పలకరించారట. నేను వెళ్ళినప్పుడు ఆయన తిడతాడేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది. "బాగా రాశావంటగా," అన్నాడు, రసాల బుట్ట నా ముందు పెట్టి. అంతే. ఆ రోజు నుంచి ఆ కథ చెప్పడం మానేశాడు. మా అమ్మాయి ఒకసారి, "తాతా, నువ్వు లారీ మీదికి దూకావటగా, చెప్పవా?" అని అడిగితే, "ఏదో సరదాకి అనేవాణ్ణమ్మా, వదిలెయ్," అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నా చేతిలో మామిడిపండు ఉంది. దాన్ని పిసుకుతూ కూర్చున్నాను. అయినా నోరు విప్పలేదు, ఎందుకంటే నేను రాసిందే నిజమని నా నమ్మకం. పాపం పెద్దాయన ఇప్పటికైనా ఒప్పుకున్నాడులే అని కూడా అనుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

ఈ ఏడాది వేసవి సెలవులు మొదలైన రెండో రోజు మా అమ్మాయి, "నాన్నా, నీ సినిమాని శుభ్రం చేసి కొత్తగా పెట్టారు," అని టీవీలో పెట్టింది. గీతల్లేవు. ఆకు ఆకూ తెలుస్తోంది. తరుముడు మొదలైంది. గళ్ళచొక్కా మనిషి, వెనకనుంచి, మొహం కనపడకుండా, కొమ్మ మీద పరిగెడుతున్నాడు. ఎదురుగా ఒక పెద్ద గుత్తి. ఇరవైసార్లు చూశాను గానీ, ఆ పాత బొమ్మలో అదంతా ఒక నల్లమచ్చ. ఇప్పుడు స్పష్టంగా కనపడింది. ప్రాణాలకి తెగించి పరిగెడుతున్న ఆ మనిషి చెయ్యి గుత్తి కిందికి వెళ్ళింది. అరచెయ్యి పైకి తిరిగింది. గుత్తి లేచింది. తల వంగింది. గుత్తి మెల్లగా దిగింది. ఆ వెనకే వచ్చిన ఫైటర్ అదే గుత్తిని భుజంతో గుద్దుకుంటూ పోయాడు, కాయలు జలజలా రాలాయి.

"ఓరి దేవుడో!" అని అరిచాను. మా అమ్మాయి కంగారుపడి టీవీ ఆపేసింది. ఏ మద్రాసు ఫైటరు, ఏ శిక్షణ? కత్తులు పట్టుకుని తన వెంట పడుతున్నా కాయ రాలకూడదనుకునే మనిషి ఈ భూమ్మీద నాకు ఒక్కడే తెలుసు.

అప్పటికప్పుడు బయలుదేరాను. మావయ్య వసారాలో కూర్చుని చిక్కానికి కొత్త తాడు అల్లుతున్నాడు. కోతకి వెళ్ళడం మానేసి మూడేళ్ళయినా ముఠా వాళ్ళ చిక్కాలు ఆయనే బాగుచేసేవాడు. ఫోన్ చేతికిచ్చి ఆ ముక్క చూపించాను. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్ళు. ఫోన్ దగ్గరికి పెట్టుకుని, దూరం జరిపి, మళ్ళీ దగ్గరికి పెట్టుకుని చూశాడు.

"మళ్ళీ పెట్టు," అన్నాడు. పెట్టాను. మూడోసారి కూడా చూశాడు.

"ఆ వెనకాలొచ్చే వెధవ ఎన్ని కాయలు రాల్చాడో చూశావా?" అన్నాడు. "ఆ కాయలకి తోట రైతు నన్ను పట్టుకుని తిట్టాడ్రా. సినిమావాళ్ళని ఏమీ అనలేక."

"మావయ్యా, అది నువ్వే. తప్పు రాశాను. పన్నెండేళ్ళు నీ మాట..."

"ఏడవకురా మోచెయ్యిగా, ఫోన్ తడిసిపోద్ది," అన్నాడు. తాడు వేళ్ళకి చుట్టుకుని, విప్పుకున్నాడు. తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు. "అచ్చులో పడ్డాక నాకే అనుమానమొచ్చిందిరా. చదువుకున్నోడు, నా అల్లుడే రాశాడంటే ఊరికే రాయడు కదా అనుకున్నా. నిజంగా దూకానా, లేకపోతే చెప్పీ చెప్పీ దూకాననుకుంటన్నానా అని. వయసైపోయిన మనిషిని, అప్పుడు చూసినోళ్ళెవరూ మిగల్లేదు, ఎవర్ని అడిగేది? మీ అత్తని అడిగితే కర్ర తీసుకుంటది."

నా మాట వల్ల ఆయన కథ పోయిందనుకున్నాను గానీ, తన మీద తనకున్న నమ్మకం కూడా పోయిందని అప్పటిదాకా నాకు తెలియదు. ఆయన కాళ్ళు పట్టుకున్నాను. "ఛ, లే, లే. చక్కిలిగింత పెట్టకు," అని కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. "మిగతాదంతా బాగానే రాశావంట. ఆ రసం కోసిన సంగతి ఎందుకు రాయలేదు మరి?" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఈ వేసవిలో మావయ్య ఆ కథ చెప్పని మనిషి మా చుట్టుపక్కల లేడు. కొమ్మ ఎత్తు ఏప్రిల్‌లో పన్నెండడుగులు, మే నెలలో పద్దెనిమిది, జూన్‌లో రసాలు అయిపోయేసరికి రెండు తాటిచెట్లు. లారీ వేగం కూడా పెరుగుతూ వచ్చింది. టీ కొట్టు దగ్గర నేనే నిలబడి, నేను రాసింది తప్పని పైకి చెప్పాను, ఫోన్ అందరికీ చూపించాను. అక్కడున్న వాళ్ళంతా కోతల వాళ్ళే. ఒక్కడికి కూడా విడమరిచి చెప్పాల్సిన పని రాలేదు. గుత్తి కింద చెయ్యి కనపడగానే, "ఓర్నీ, మేస్త్రే!" అన్నారు. పోవడానికి ముందు రోజు కూడా నూజివీడు నుంచి వస్తూ ఆటోవాడికి చెప్పాడట. అతను ఇంటి ముందు ఆటో ఆపి, కథ పూర్తయ్యేదాకా కదల్లేదట. అతనెవరో నాకు తెలియదు గానీ, వెయ్యేళ్ళు బతకాలి.

నా వ్యాసం వేసిన పత్రిక ఎప్పుడో మూతపడింది. అందుకని సవరణ ఇక్కడే రాస్తున్నాను. ఆ సినిమాలో కొమ్మ మీద పరిగెత్తింది మా మావయ్య. దూకింది మా మావయ్య. చూసిన వెంటనే తెలిసిపోతుంది, చూడటం వస్తే. నాకు రావడానికి ఇన్నేళ్ళు పట్టింది. అయినా ఆయన ఉండగానే వచ్చింది. అదొక్కటే నాకు మిగిలిన నిశ్చింత.

పెద్దకర్మ రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, షామియానా కింద ముఠా వాళ్ళంతా కూర్చుని ఫోన్లో ఆ ముక్కే చూసుకుంటున్నారు. హీరోని ఎవరూ పట్టించుకోవడం లేదు. "ఆగండి, ఆగండి... అదిగో!" అనడం, మళ్ళీ వెనక్కి తిప్పడం. అత్తయ్య గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చుని, "ఏదీ, ఇలా తే," అంది.

నలభై ఏళ్ళ పైన పట్టిన పంతం. నేను ఫోన్ ఆవిడ ముందు పట్టుకున్నాను. గళ్ళచొక్కా కొమ్మ మీదికి వచ్చింది. "ఆ చొక్కానే," అంది మెల్లగా. గుత్తి దగ్గరపడింది. చెయ్యి కిందికి వెళ్ళింది, పైకెత్తింది. అత్తయ్య ఆ చేతిని తాకబోయి తెర మీద వేలు పెట్టింది. బొమ్మ అక్కడే ఆగిపోయింది.

నేను మళ్ళీ నడిపిద్దామని ముందుకు వంగాను. ఆవిడ నా చెయ్యి పక్కకి తీసేసి ఫోన్ తన చేతుల్లోకి తీసుకుంది.

"ఉండనీరా," అంది. "వెనకాల వాడొస్తే కాయలు రాలిపోతాయి."